ఎలోదియాకి ఏమిష్టం

కొంకోర్దియాలో మధ్యాహ్నం భోజనాలయ్యాక నది కూడా కాసేపు నడుం వాలుస్తుంది. దుకాణాల షట్టర్లు దిగిపోతాయి. కుక్కలు నీడ వెతుక్కుంటాయి. అక్టోబరు నెలైతే, అక్కడ అది వసంతం, వీధుల్లో నారింజ పూల వాసన తప్ప ఇంకేదీ తిరగదు. ఆ వేళలో ఎవరి తలుపైనా తట్టినవాణ్ణి ఊరు క్షమించదు. నిద్ర పట్టనివాళ్లు కూడా పట్టినట్టే పడుకోవాలి, అదీ అక్కడి మర్యాద.

ఊరి మర్యాదలన్నీ పాటించి ఆ ఒక్కదానికి మాత్రం ఏనాడూ నోచుకోని మనిషి ఎలోదియా లెదెస్మా. యాభై దాటిన మనిషి, పొడగరి, మాట నెమ్మది. వయసులో ఉన్నప్పుడు తల్లి మంచాన పడింది, కునుకు వేళ తల్లికి పక్క మార్చాలి. తల్లి పోయాక చెల్లెలు నీదియా పిల్లల్ని నిద్రపుచ్చాలి. ఆ పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, నీదియా ఇంటి ముందు గదుల్లో నాలుగు మంచాలు వేసి ముసలివాళ్లని చేర్చుకుని చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ ముసలివాళ్లకి దాహం వేసేది సరిగ్గా ఊరంతా నిద్రపోయే వేళే. "ఎలోదియా" అని పిలుపు వినిపిస్తుంది. వెనక గదిలోంచి ఎలోదియా లేస్తుంది.

ఇదంతా ఇంట్లో పని. జీతం తెచ్చే పని వేరే ఉండేది. ఊరి చివర పండ్ల షెడ్డులో బెల్టు ముందు నిలబడి నారింజల్ని ఏరేది. మచ్చపడినవి ఇటు, చిన్నవి అటు, మంచివి ముందుకు. విరామం గంట కొట్టగానే, అక్కడివాళ్లు టీలా తాగే మాతె కూడా ఆమే పోసేది. ఆకు నింపిన సొరకాయ బుర్రలో వేణ్ణీళ్లు పోసి, పంచదార చల్లి, ఒకరికి అందించడం, వాళ్లు గొట్టంతో పీల్చి ఖాళీ బుర్ర తిరిగి ఇస్తే మళ్లీ నింపి పక్కవాళ్లకి అందించడం. వలయం ఒకటే, బుర్ర ఒకటే, గొట్టం ఒకటే. పోసే చెయ్యి కూడా ఒకటే ఉండాలి. మధ్యలో ఫ్లాస్కు ఇంకొకరి చేతికి మారిస్తే మాతె పాడవుతుందని పట్టింపు. షెడ్డులో ఆ చెయ్యి ఎలోదియాది. ఇంటికొస్తే పెరట్లోనూ ఎలోదియాదే.

"ఆ ఓర్పు పుట్టుకతో వచ్చిందండీ ఆవిడకి" అనేవారు వీధిలో. అవునో కాదో ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఓర్పు ఉన్నవాళ్లని ఎవరడుగుతారు?

ఆ ఏడాది షెడ్డు మూతపడింది. యజమానులు అమ్ముకుని వెళ్లిపోయారు, బెల్టులు ఆగిపోయాయి. పని పోయినవాళ్లకి ఉచితంగా ఏదో ఒక కోర్సు నేర్పిస్తామని ప్రకటన వచ్చింది. నేర్చుకున్నన్నాళ్లూ నెలనెలా కొంత భత్యం, ఆ తర్వాత ఆ పనిలోనే ఉద్యోగం. ఒకటే షరతు. ఒక్క కోర్సే ఎంచుకోవాలి, ఒకసారి సంతకం పెట్టాక మార్చుకోవడం కుదరదు. ఎంచుకునే ముందు ఎవరికి ఏ పని నప్పుతుందో తేల్చే టెస్టు ఒకటి రాయాలి.

ఈ కబురు విన్నప్పుడు అందరికంటే సంతోషించింది నీదియా. ఆమె నడిపే ముసలివాళ్ల ఇంటిని చూడ్డానికి తనిఖీ అధికారి వచ్చి, వృద్ధుల సంరక్షణలో సర్టిఫికెట్టు ఉన్న మనిషి ఒకరైనా లేకపోతే వచ్చే ఏడాదికి అనుమతి ఇవ్వనని చెప్పి వెళ్లాడు. కోర్సుల జాబితాలో మొదటిదే వృద్ధుల సంరక్షణ.

"దేవుడే పంపించాడక్కా" అంది నీదియా. "నువ్వు ఎలాగూ చేస్తున్న పనే. కాగితం ఒక్కటి చేతికొస్తే చాలు. మన కడుపు చల్లగా ఉంటుంది."

"సరేలే" అంది ఎలోదియా. ఆమె జీవితంలో ఎక్కువసార్లు వాడిన మాట అదే.

*

టెస్టు పెట్టే అమ్మాయి పేరు ఫ్లావియా. పరానా పట్నం నుంచి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని, వాటికోసం బల్లంతా వెతుక్కునే రకం. షెడ్డు ఆడవాళ్లని అందరినీ కూర్చోబెట్టి తలా ఒక పుస్తకం ఇచ్చింది.

"ఇది పరీక్ష కాదు, తప్పు జవాబంటూ ఉండదు" అంది. "ఇంటికి తీసుకెళ్లి రాయండి. కడుపునిండా తిని, బాగా నిద్రపోయి లేచి రాయండి. ఎక్కువ ఆలోచించొద్దు, మొదట ఏది తోస్తే అది. మంచిదాన్ననిపించుకోవాలని రాయొద్దు. మీకు ఏది వచ్చో రాయొద్దు, ఏది ఇష్టమో రాయండి. రెండూ ఒకటి కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కరే కూర్చుని రాయండి. ఎవరూ పక్కన ఉండకూడదు."

ఆడవాళ్లంతా బుద్ధిగా తలూపారు. ఒక్కరే కూర్చోవడం అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదని పరానా పిల్లకి ఎవరు చెప్పాలి? అక్కడ ఒక్కరే కూర్చునేది స్నానాలగదిలో. అక్కడా బయట్నుంచి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు.

ఆదివారం సాయంత్రం పెరట్లో నిమ్మచెట్టు కింద కుర్చీలు వేశారు. నీదియా, ఆమె మొగుడు రూలో, పక్కింటి ముసలాయన దోన్ అనసేతో వచ్చి కూర్చున్నారు. దోన్ అనసేతో మూతపడిన షెడ్డుకి కాపలాదారు. కాపలా కాయడానికి అందులో ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఎక్కువ సేపు వీళ్ల పెరట్లోనే ఉంటాడు. ఎలోదియా ఫ్లాస్కు పక్కన పెట్టుకుని బుర్రలో ఆకు పోసింది. ఆమె ఒళ్లో పుస్తకం కనపడగానే రూలో లాక్కున్నాడు.

"వదినా, నువ్వు పోస్తూ ఉండు, నేను చదువుతా" అన్నాడు. "ఖాళీ మధ్యాహ్నం దొరికితే ఏం చేస్తారు? నలుగురితో కబుర్లా, ఒక్కరే కూర్చుని చేత్తో ఏదైనా చేసుకోవడమా?"

"కబుర్లే" అంది నీదియా. "చూడు, ఇప్పుడు ఏం చేస్తున్నాం మరి?"

"కబుర్లు" అని టిక్కు పెట్టాడు రూలో. "పాడైన ఇంజన్ విప్పి బాగుచేయడం ఇష్టమేనా? ఇష్టమే. ఇదీ ఒక ప్రశ్నేనా."

"అది నీకిష్టం. రాసేది మా అక్క."

"మొన్న పంపు నేను బాగుచేస్తుంటే టార్చి పట్టుకుంది ఎవరు? విసుక్కుందా? లేదు. ఇష్టమున్నట్టే."

"నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, దానికేం రాశారు?" అన్నాడు దోన్ అనసేతో.

"ఎలోదియా మాట్లాడదు బాబాయ్."

"మాట్లాడాలి మరి. యూనియన్ మీటింగుల్లో నేను లేచి నిలబడితే షెడ్డు షెడ్డంతా గప్‌చిప్. అవునని పెట్టవోయ్. పిల్ల ఎదగాలి."

యాభై దాటిన పిల్ల బుర్రలో నీళ్లు పోసి ఆయనకి అందించింది. నవ్వింది కూడా. ఆ సాయంత్రం నిజంగానే బాగుంది. నిమ్మపూలు ఒకటీ అరా కుర్చీల మీద రాలుతున్నాయి, నది మీంచి చల్లగాలి వస్తోంది, ముందు గదిలో ఎవరో రేడియో సన్నగా పెట్టుకున్నారు. తన గురించి ఇంతమంది ఇంతసేపు మాట్లాడుకోవడం ఆమెకి కొత్త. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నట్టు ఉంది.

"రోగుల్నీ వృద్ధుల్నీ చూసుకోవడం" అని చదివాడు రూలో.

ఇందులో అడగాల్సిందేమీ లేదు. నీదియా వేలితో గడి చూపించింది, రూలో అందరికంటే పెద్ద టిక్కు పెట్టాడు. ఎలోదియా పంచదార చెంచా బుర్ర మీద ఎత్తి పట్టుకుని క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియలేదు. తర్వాత చల్లేసింది.

*

"ఎలోదియా గారూ, ఇది ఎంతమంది రాశారు?" అని అడిగింది ఫ్లావియా.

గదిలో వాళ్లిద్దరే. బల్ల మీద ఫలితం పరిచి ఉంది. ఎలోదియా చెవులు వేడెక్కాయి.

"నేనే రాశాను మేడమ్."

"మీకు జనం అంటే ప్రాణం. అదే సమయంలో ఇంజన్లంటే పిచ్చి. వేదికలెక్కి ఉపన్యాసాలివ్వాలి. సరుకు అమ్మాలి. మళ్లీ నలుగురికీ సేవ చేయాలి." ఫ్లావియా నెత్తిమీది కళ్లద్దాలు ముక్కు మీదికి దింపింది. "ఇంత హుషారైన మనిషైతే ఈ పాటికి మేయరు అయిపోవాలి. ఇంజన్లు ఎవరివి?"

"మా మరిదివి."

"ఉపన్యాసాలు?"

"పక్కింటాయనవి." ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. ఫ్లావియా కూడా నవ్వింది. ఇద్దరూ అలా నవ్వుకున్నాక గది కొంచెం చిన్నదైంది.

"ఈ ఊళ్లో అందరివీ ఇంతే" అంది ఫ్లావియా. "ఒక్క పుస్తకం కూడా ఒక్కరు రాసింది రాలేదు. మాతె తాగుతూ రాశారు కదూ?"

"అవును."

"మనమూ తాగుదాం, ఉండండి." బల్ల కింద నుంచి ఫ్లాస్కు తీసింది. "తియ్యగానా, చేదుగానా?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం నాకు తెలుసు. మీది అడుగుతున్నా."

"ఏదైనా పర్లేదు మేడమ్."

"అది జవాబు కాదండీ."

ఇంట్లో తియ్యగా తాగుతారు. నీదియాకి రెండు చెంచాలు కావాలి, రూలోకి ఒకటిన్నర. దోన్ అనసేతోకి డాక్టరు వద్దన్నాడు కాబట్టి ఒకటి, అదీ నీదియా చూడకుండా. షెడ్డులో ఎవరెవరికి ఎంతో ఆమెకి నోటికొచ్చు. తన వంతు వచ్చేసరికి బుర్రలో ఏది మిగిలి ఉంటే అదే తాగేది. ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంది, కళ్లద్దాలు పెట్టుకుని మరీ.

ఉన్నట్టుండి ఆమెకి ఏడుపొచ్చింది. మాతె గురించి ఏడవడం ఏమిటని సిగ్గేసింది, సిగ్గుకి ఇంకాస్త ఏడుపొచ్చింది. ఫ్లావియా రుమాలు అందించింది, కొత్త పుస్తకం ఒకటి ముందుకు తోసింది.

"వినండి" అంది. "ఈ టెస్టు జోస్యం కాదు. ఇది మీకు పని చెప్పదు. మీ మాట ఎవరూ వినని చోట మీరేమంటారో అది మీకే వినిపిస్తుంది, అంతే. ఎవరో రాసింది దీంట్లో పోస్తే ఎవరిదో జాతకం వస్తుంది. శుక్రవారం సంతకాలు. అప్పటిలోగా మీరు ఒక్కరే ఉండే చోటు ఒకటి చూసుకోండి. ఉందా అలాంటిది?"

ఎలోదియా ఆలోచించింది. "ఒకటుంది" అంది.

*

మర్నాడు ఊరంతా నిద్రపోయే వేళ ఆమె ముసలివాళ్ల పక్కన నీళ్ల సీసాలు నింపి పెట్టి, చప్పుడు కాకుండా గేటు వేసి, షెడ్డుకి నడిచింది. దోన్ అనసేతో గేటు దగ్గర కుర్చీలో టోపీ ముఖం మీద వేసుకుని ఉన్నాడు.

"ఎవరదీ" అన్నాడు టోపీ కిందనుంచి.

"నేనే బాబాయ్. లోపల కాసేపు కూర్చుంటా."

"లోపల ఏముందే అమ్మాయ్, ఎలుకలు కూడా వెళ్లిపోయాయి."

"అందుకే."

ముసలాయన టోపీ ఎత్తి చూశాడు, ఆమె చంకలో పుస్తకం చూశాడు. "ఈసారి ఉపన్యాసాలకి నువ్వేం పెడతావో పెట్టుకో. నేనేమీ అనను" అని మళ్లీ టోపీ దించేసుకున్నాడు.

లోపల చల్లగా ఉంది. పైన రేకుల మధ్య అద్దాల్లోంచి ఎండ పొడవాటి పట్టీల్లా దిగుతోంది, ఆ పట్టీల్లో దుమ్ము తీరిగ్గా తిరుగుతోంది. పండ్లు పోయి నెలలైనా వాసన పోలేదు, చెక్కల్లో ఇంకిపోయింది. ఎలోదియా తన చోటికి వెళ్లింది. ఇన్నేళ్లూ నిలబడిన చోట మొదటిసారి పెట్టె ఒకటి వేసుకుని కూర్చుని, పుస్తకం బెల్టు మీద పెట్టుకుంది.

ఖాళీ మధ్యాహ్నం దొరికితే. ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పెన్సిలు తనంతట తానే కదిలింది: ఒక్కరే కూర్చుని చేత్తో ఏదైనా చేసుకోవడం. రాశాక గబుక్కున వెనక్కి చూసింది, నీదియా నిలబడి ఉందేమోనని.

ఇంజన్లు, వద్దు. ఉపన్యాసాలు, వద్దంటే వద్దు. గలగలా మాట్లాడే చోట పని, వద్దు. నెమ్మదిగా పెరిగేవాటితో పని, అవును. ఒకే పని గంటలకొద్దీ, అవును. ఎవరూ మాట్లాడించకపోయినా బాధలేదు, అవును, అవును. ఏరివేత పనిలో చేతికి వచ్చిన వేగం పెన్సిలుకీ వచ్చింది. ఇటు, అటు, ముందుకు. బెల్టు కదులుతున్నట్టే అనిపించింది. నారింజలకి బదులు దాని మీద ప్రశ్నలు దొర్లుకుంటూ వస్తున్నాయి, ఆమె ఏరుతోంది.

రోగుల్నీ వృద్ధుల్నీ చూసుకోవడం.

బెల్టు ఆగిపోయింది.

తల్లి గుర్తొచ్చింది. తల్లి వీపు కడిగిన రోజులు, ఆ వీపు ఎంత పల్చబడిందో. తల్లి మీద ఎంత ప్రేమో ఆమెకి ఇప్పుడూ తెలుస్తోంది. నీదియా పిల్లలు జ్వరాల్లో తన మెడ పట్టుకుని వేలాడటం గుర్తొచ్చింది. అవేవీ అబద్ధం కాదు. కానీ ప్రశ్న అది కాదే. చేశావా అని అడగడం లేదు, ప్రేమ ఉందా అని అడగడం లేదు. ఇష్టమా అంటోంది. పిలుపు వినపడ్డ ప్రతిసారీ లేచే ముందు, రెప్ప తెరిచే ముందు, లోపల ఒక మనిషి దుప్పటి ముసుగు పెట్టుకుని 'నేను రాను' అనేది. ఆ మనిషిని ఎలోదియా ఏనాడూ పట్టించుకోలేదు. పాపం, ఆవిడ అలా దుప్పటి కిందే ఉండిపోయి, ముసలిదైపోయింది.

'లేదు' అని టిక్కు పెట్టింది. చాలా చిన్న టిక్కు. పెట్టాక భయమేసింది, పాపం చేసినట్టు. రేకులు కూలలేదు, అద్దాల్లోంచి ఎండ అలాగే పడుతోంది. ఆమె పుస్తకం మూసి, బెల్టు మీద తల వాల్చింది. ఎవరూ పిలవలేదు. ఆ ఊళ్లో పుట్టి ఇన్నేళ్లకి ఆమె కూడా అందరితోపాటు మధ్యాహ్నం నిద్రపోయింది.

నిద్రలో నాన్న వచ్చాడు. నాన్న ఊరి చుట్టూ తోటల్లో అంటు కట్టేవాడు. కునుకు వేళ పిల్ల అల్లరికి తల్లి నిద్ర పాడవకూడదని ఎలోదియాని తోటకి తీసుకెళ్లిపోయేవాడు. వేరు మొక్క బెరడు మీద కత్తితో గీత పెట్టి, నారింజ మొగ్గని అందులోకి దించి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపేవాడు. ఆ చేతిలో ఆమె గుడ్డపీలిక పెట్టేది. ఆయన చుట్టేవాడు. పక్క మొక్క. మళ్లీ చెయ్యి. సాయంత్రం వరకూ ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు. తేనెటీగలు ఎవరి గొడవలో అవి ఉండేవి. కలలో నాన్న ఈసారి చెయ్యి చాపలేదు. కత్తి పిడి ఆమె వైపు తిప్పి అందించి, తను పీలికలు పట్టుకుని వెనక నిలబడ్డాడు.

మెలకువ వచ్చేసరికి ఎండ పట్టీలు గోడ మీదికి పాకాయి. ఆమె చెంప మీద బెల్టు గళ్లు అచ్చుపడ్డాయి. దోన్ అనసేతో వాటిని చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

*

"ఇప్పుడు ఒక్కరే మాట్లాడుతున్నారు" అంది ఫ్లావియా ఫలితం చూసి. "మొక్కలు, చేతిపని, నిదానం, నిశ్శబ్దం. కోర్సుల్లో నర్సరీ పని ఉంది. నారింజకి అంటు కట్టడం నేర్పిస్తారు. అలా మెరిసిపోకండి, ఇంకా అయిపోలేదు. కాగితం చెప్పిందని సంతకం పెట్టేస్తే, మరిది చెప్పాడని పెట్టినట్టే. రేపు పొద్దున్న నర్సరీకి వెళ్లి ఒక పూట పనిచేసి చూడండి. విసుగొస్తే వచ్చి చెప్పండి. ఈ కాగితం చించేసి మళ్లీ మొదలుపెడదాం."

ఎలోదియా వెళ్లింది. నాన్న చేతులు తనకి రాలేదని తొలి మొక్క దగ్గరే తేలిపోయింది. గీత లోతుగా పడింది, మొగ్గ నలిగింది, పీలిక ఊడింది. అక్కడి మేస్త్రీ ఆవిడ తల అడ్డంగా ఊపి ఇంకో మొక్క చూపించింది. అదీ పోయింది. వేలు తెగింది. తెగిన వేలు నోట్లో పెట్టుకుని మూడో మొక్క ముందు కూర్చున్నప్పుడు ఆమెకి ఒక సంగతి తట్టింది. పొద్దున్నుంచి ఎవరికి ఏం కావాలో ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు. పొద్దు ఎటు పోయిందో తెలియలేదు. బొటనవేలికి గుడ్డ కట్టుకుని ఇంటికి నడుస్తుంటే నది పక్కనే వచ్చింది, ఆవలి ఒడ్డు లేత పొగలో తేలుతోంది, ఆమె కూడా కాస్త తేలుతూనే నడిచింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నేలకి దిగాయి. నీదియాకి చెప్పాలి.

*

సంతకాల ముందు రోజు సాయంత్రం. అదే నిమ్మచెట్టు, అవే కుర్చీలు. రూలో పూరీల్లాంటి తోర్తాలు వేయించి తెచ్చాడు. ఎలోదియా ఒక చుట్టు పోసింది. నీదియాకి రెండు చెంచాలు, రూలోకి ఒకటిన్నర, నీదియా అటు తిరిగినప్పుడు దోన్ అనసేతోకి ఒకటి. తన వంతు వచ్చింది. బుర్ర చేతిలో పట్టుకుని, తాగకుండా, ఎలోదియా చెప్పింది.

"రేపు నేను నర్సరీకి సంతకం పెడుతున్నాను నీదియా."

"దేనికీ?"

"అంటు కట్టే పనికి."

రూలో తోర్తా కొరకబోయి ఆగాడు. నీదియా నవ్వబోయింది, అక్క ముఖం చూసి నవ్వలేదు.

"మరి నా ఇల్లు? ఆ తనిఖీవాడికి ఏం చూపించాలి? నీ అంటు కొమ్మలా?"

"నువ్వు చదువు ఆ కోర్సు. బయటివాళ్లకి కూడా సీట్లున్నాయట, అడిగి వచ్చాను. రాత్రిళ్లు నీకు తోడుంటాను. కానీ ఆ పని నా పని కాదు."

"కాకపోవడమేంటి? ఇన్నేళ్లూ చేసింది ఎవరు?"

"చేశాను. నాకు ఇష్టం లేదు."

అంతే. చిన్న మాట, గాలికి నిమ్మపువ్వు రాలినంత చప్పుడైనా కాలేదు. నీదియా ముఖం మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది.

"అంటే అమ్మని చూసింది ఇష్టం లేకేనా? నా పిల్లల్ని పెంచింది ఇష్టం లేకేనా? ఇన్నాళ్లూ మమ్మల్ని భరించావా అక్కా?"

సరేలే అనడానికి ఎలోదియా నోరు అలవాటుగా తెరుచుకుంది. ఆ మాట అంటే అందరూ మళ్లీ ఊపిరి పీల్చుకుంటారు, మాతె చుట్టు మళ్లీ తిరుగుతుంది, తోర్తాలు చల్లారకుండా ఉంటాయి. దుప్పటి కింది మనిషి మళ్లీ ముసుగు లాక్కుంటుంది.

"అమ్మంటే ప్రాణం నాకు" అంది. "నీ పిల్లలంటే ప్రాణం. నువ్వన్నా అంతే. ఆ పని ఇష్టం లేదు, అంతే. ప్రాణం ఉంది కాబట్టి చేశాను. ఇంక చేయలేను. అలిసిపోయాను నీదియా."

"ఎప్పుడైనా చెప్పావా నాకు?"

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు" అంది నీదియా. అదీ నిజమే.

దోన్ అనసేతో గొంతు సవరించుకుని మీటింగుల్లోలా లేవబోయాడు. "కూర్చో బాబాయ్" అన్నాడు రూలో.

అప్పుడు ఎలోదియా ఆ పెరట్లో ఎవరూ చేయని పని చేసింది. బుర్రలో తీపి ఆకు మొత్తం చెట్టు మొదట్లో బోర్లించి, కొత్త ఆకు నింపింది. ఫ్లాస్కు ఎత్తి చెల్లెలి ముందు పెట్టింది. చుట్టు మధ్యలో చెయ్యి మారింది. రూలో "వదినా" అని సన్నగా అన్నాడు, ఆపడానికి కాదు, తెలియక.

"నువ్వు పోసివ్వు" అంది ఎలోదియా. "పంచదార వద్దు. నేను చేదు తాగుతాను."

"ఎప్పటి నుంచి?"

"తెలీదు. మొన్నటిదాకా నాకే తెలీదు."

నీదియా ఫ్లాస్కు వైపు చూసింది. ఏడుస్తోందో, కోపంగా ఉందో, రెండూనో. చాలాసేపు చెయ్యి కదల్లేదు. తర్వాత ఫ్లాస్కు అందుకుంది. పోయడం ఆమెకి చేతకాదు. పెళ్లికి ముందూ తర్వాతా అక్కే పోసింది కదా. నీళ్లన్నీ ఆకు నడినెత్తిన గుమ్మరించింది, సగం ఒళ్లో ఒలికింది, ఆకు పొంగి అంచు మీదికొచ్చింది. గొట్టం వంకరగా పెట్టి రెండు చేతులతో అక్కకి అందించింది.

ఎలోదియా పీల్చింది. ఆకు పొడి నోట్లోకి వచ్చింది. నీళ్లు చల్లారిపోయి ఉన్నాయి. చేదు మాత్రం చేదుగానే, నాలుక వెనక దాకా, శుభ్రంగా ఉంది. ఆమె కళ్లు మూసుకుని బుర్ర ఖాళీ అయ్యేదాకా తాగింది.

"ఎలా ఉంది?" అంది నీదియా. అడగడం కూడా ఆమెకి కొత్తే, మాట తడబడింది.

ఎలోదియా నోటికి 'బాగుంది' అనే మాట వచ్చింది. దాన్ని మింగేసింది.

"బాలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి, ఆకంతా నోట్లోకి వస్తోంది" అంది.

నీదియా ముక్కు ఎగబీల్చుకుని, ఒళ్లో పడిన నీళ్లు తుడుచుకుంటూ లేచింది. కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టడానికి వంటింట్లోకి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ముందు గదిలో ఎవరో పిలుస్తున్నారు. విను" అంది.

నిజమే, "ఎలోదియా" అని సన్నగా వినపడుతోంది. ఎలోదియా కుర్చీ చేతుల మీద చేతులు ఆన్చింది. లేవడానికి సగం ముందుకి వంగింది.

"కూర్చో అక్కా" అంది నీదియా. "నేను చూస్తాను."